గబ్బిలాలకూ ఒక లెక్క ఉండాలి

సంపాదకుల గారికి,

జనవరి వస్తే చిలికా సరస్సులో పక్షుల లెక్కింపు. పేపర్ల నిండా ఫొటోలు. మంచిదే. ఇక్కడ మా బరంపురం వైపు రోడ్డు వెడల్పు పేరుతో పాత మర్రిచెట్లు, చింతచెట్లు కొట్టేస్తుంటే మాత్రం, వాటికి వేలాడే, పండ్లు తినే పెద్ద గబ్బిలాలు ఎటు పోతాయని అడిగే నాథుడు లేడు.

చిలికా ఒడ్డున రంభ ఊరి దగ్గర పడవల వెంటపడే సీగల్స్‌కి జనం మిక్చర్ విసురుతారు (విసరకపోతేనే మేలు, అది వేరే సంగతి). వాటిలో గోధుమతల సీగల్ లడఖ్, టిబెట్ సరస్సుల దగ్గర రెండు మూడు గుడ్లు పెట్టి పిల్లల్ని చేసి, చలికాలానికి ఇటు వస్తుంది. పేరుకే గోధుమతల, ఇక్కడున్నన్నాళ్లూ చాలావరకు తెల్లతలే. గబ్బిలం ఏడాదంతా మన ఊళ్లోనే ఉంటుంది. రెక్కలు చాపితే నాలుగడుగులు, సీగల్ కన్నా పెద్దది. కానీ ఏడాదికి ఒక్కటే పిల్ల. తగ్గిన మంద మళ్లీ పెరగాలంటే ఏళ్లు పడుతుంది. గజపతి, రాయగడ కొండల్లో ఇప్పపువ్వు ఏరుకుని బతికేవాళ్లున్నారు. ఆ ఇప్పచెట్టు పుప్పొడినీ గింజల్నీ దూరాలకు మోసే వాటిలో ఈ గబ్బిలాలు ముఖ్యమైనవి.

గబ్బిలాల నుంచి మనుషులకు సోకే నిపా వైరస్ అని టెన్షన్ పడేవాళ్లున్నారు. 2018లో కేరళలో చూశాం, అది ఉత్త భయం కాదు. గబ్బిలం కొరికిన పండు తినకూడదు, మూతలేని కుండలోని ఈతకల్లు ముట్టకూడదు. అయితే 2005లో చైనాలోని చింగ్‌హై సరస్సులో బర్డ్ ఫ్లూతో చచ్చిన వేల పక్షుల్లో ఈ గోధుమతల సీగల్స్ కూడా ఉన్నాయి. అందుకని చిలికాలో వాటిని ఎవరూ తరమలేదే! పైగా చెట్టు కొట్టేస్తే గబ్బిలం మాయమైపోదు. ఇంకో వీధిలో, ఇంకొకరి పెరట్లో చెట్టు వెతుక్కుంటుంది.

1972 వన్యప్రాణి చట్టం పండ్లు తినే గబ్బిలాలను ఎలుకలు, కాకులతో కలిపి హానికర జీవుల జాబితాలో పెట్టింది. 2022 సవరణలో ఆ జాబితానే ఎత్తేశారు. చెట్లు కొట్టించేవాళ్లకు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

పక్షుల లెక్కతో పాటు ఒక సాయంత్రం వీటినీ లెక్కపెట్టించండి. పొద్దుగుంకాక మంద చెట్టు వదిలి బయల్దేరేటప్పుడు కాలేజీ పిల్లలైనా లెక్కపెట్టగలరు. గబ్బిలాలున్న చెట్ల జాబితా రోడ్డు పనులు మొదలవకముందే కాంట్రాక్టరు చేతిలో ఉండాలి. కొట్టక తప్పని చెట్టయితే వేసవి దాటేదాకా ఆగండి. ఆ నెలల్లో తల్లుల పొట్టకు పిల్లలు కరుచుకుని ఉంటాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా