వార్షిక నివేదిక: కొత్త పేటలో బండికి చోటు, మనిషికి నీడ

గౌరవ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో మీరు మాకు ఒక పని అప్పగించారు. ఆస్పత్రికో, పరీక్షకో, ఇంటర్వ్యూకో, ఏదో ఆఫీసు పని మీదో మన కుటుంబాలు నగరంలో ఎన్నడూ అడుగుపెట్టని పేటకు వెళ్లాల్సి వస్తుంది. అక్కడ బండి ఎక్కడ పెట్టుకోవాలి, ఏం తినాలి, లోపలికి వెళ్లినవాళ్లు తిరిగొచ్చేదాకా ఎక్కడ కూర్చోవాలి అన్నది ముందే తెలిసే ఏర్పాటు ఏదైనా చేయమన్నారు. ఈ ఏడాది మేం ఎక్కువ సమయం పెట్టింది దీని మీదే. అందుకే నివేదికలో ఎక్కువ భాగం కూడా దీనికే కేటాయించాం.

పని మొదలుపెట్టే ముందు సభ్యులను అడిగి చూశాం. దారి తెలియక అవస్థ పడ్డామని చెప్పినవాళ్లు తక్కువ. ఫోన్‌లో మ్యాప్ ఉంది, గేటు దాకా తీసుకెళ్తుంది. కష్టాలన్నీ గేటు దగ్గరే మొదలవుతున్నాయి. లోపలికి వెళ్లే మనిషికి అపాయింట్‌మెంట్ ఉంటుంది, కూర్చోవడానికి కుర్చీ ఉంటుంది, పేరు పెట్టి పిలిచేవాళ్లు ఉంటారు. తోడు వెళ్లినవాళ్లను పట్టించుకునే నాథుడు ఉండడు. పొద్దున బయల్దేరిన ఆ మనిషి సాయంత్రం దాకా ఎండలోనో మెట్ల మీదో గడిపి, అలసిపోయి, మళ్లీ తనే బండి నడుపుకుంటూ ఇంటికి రావాలి. కాబట్టి ఈ పనంతా తోడు వెళ్లే మనిషి వైపు నుంచే ఆలోచించాం.

అలా తయారైనవే పేట పత్రాలు. ఒక్కో పేటకు ఒక్క పేజీ. ఈ మధ్య అక్కడికి వెళ్లొచ్చిన సభ్యులే రాస్తారు. ఒకే ఒక్క నియమం గట్టిగా పెట్టాం: వెళ్లిన వారం, వేళ తప్పకుండా రాయాలి. ఆదివారం పొద్దున ఖాళీగా కనిపించిన వీధి సోమవారం పదింటికి కాలు పెట్టనివ్వదు. వేళ రాయని పత్రం కొత్తవాళ్లను తప్పుదారి పట్టిస్తుంది. అలాంటివి వస్తే వెనక్కి పంపి, వివరాలు అడిగి మళ్లీ రాయించాం.

పార్కింగ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. డొనాల్డ్ షూప్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1927 నుంచి 2001 వరకు వేర్వేరు నగరాల్లో జరిగిన 16 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. ఆ రద్దీ వీధుల్లో కదులుతున్న బండ్లలో సగటున 30 శాతం పార్కింగ్ కోసం తిరుగుతున్నవేనట. చోటు దొరకడానికి సగటున 8 నిమిషాలు పట్టిందట. ఇవి రద్దీ ఉన్నచోట్ల తీసిన లెక్కలు, అన్ని వీధులకూ వర్తించవు. కానీ మనం వెళ్లే ఆస్పత్రులు, ఆఫీసులు ఉండేది అలాంటి వీధుల్లోనే కదా. లోపల టోకెన్ నంబర్ పిలుస్తున్నారన్న టెన్షన్‌లో ఒకే సందు చుట్టూ తిరుగుతూ 8 నిమిషాలు గడపడం ఎంత కష్టమో పడినవాళ్లకే తెలుసు.

గుమ్మం ముందున్న చోటు కోసం వెతకడం మానేయమన్నది మా మొదటి సలహా. ప్రపంచంలో మొట్టమొదటి పార్కింగ్ మీటరును 1935 జులైలో అమెరికాలోని ఓక్లహామా సిటీలో పెట్టారు. పనులకు వచ్చినవాళ్లు పొద్దున పెట్టిన కార్లు సాయంత్రం దాకా తీయకపోవడంతో, దుకాణాలకు వచ్చేవాళ్లకు చోటు దొరక్కపోవడమే దానికి కారణం. ఆ ఆలోచన ఇప్పటికీ నడుస్తోంది. గేటుకు దగ్గరగా ఉండే చోట్లు సాధారణంగా పది నిమిషాల్లో పని చూసుకుని వెళ్లిపోయేవాళ్ల కోసం ఏర్పాటు చేసినవి. వాటికి గడువు తక్కువ, రుసుము ఎక్కువ, ట్రాఫిక్ పోలీసులు బండి ఎత్తుకుపోయే ప్రమాదమూ ఎక్కువే. గంటల తరబడి ఉండాల్సినవాళ్లు ముందుగా మనిషిని గేటు దగ్గర దింపి, బండి కాస్త దూరంగా పెట్టుకోవడం మేలు. మామూలుగా నడిస్తే 400 మీటర్లకు 5 నిమిషాలే పడుతుంది. అంత దూరంలో చోటు చాలాసార్లు తేలిగ్గానే దొరుకుతోందని సభ్యులు రాశారు. పెద్దవాళ్లు గానీ, నడవలేనివాళ్లు గానీ ఒంటరిగా లోపలికి వెళ్లలేని పరిస్థితి ఉంటే మాత్రం ఇద్దరు తోడు వెళ్లాలి, ఇందులో వేరే దారి లేదు.

బోర్డులను పూర్తిగా చదవడం ఇంకో సంగతి. మన సభ్యురాలు ఒకరు ఖాళీగా ఉన్న చోటు చూసి కారు పెట్టారు. పైన పెద్ద అక్షరాలతో పార్కింగ్ అనే ఉంది. దాని కింద, సగం చెట్టుకొమ్మ చాటున, చిన్న అక్షరాల్లో ఇంకో వరుస ఉంది: సాయంత్రం ఫలానా వేళ తర్వాత బండ్లు నిలపరాదు. పక్కనే బాణం గుర్తు. ఆ బాణం చూపించేది ఆమె కారు ఉన్న వైపే. లోపల పని ఆలస్యమైంది, బయటికొచ్చి చూస్తే కారు లేదు. అప్పటి నుంచి బోర్డు రాతను, బాణం ఎటు ఉందో కూడా, ఉన్నది ఉన్నట్టుగా పత్రాల్లో దించుతున్నాం. బండి దిగగానే బోర్డును ఫోటో తీసుకోమని అందరికీ చెప్తున్నాం. ఫోటో తీయాలంటే ఎలాగూ ఎదురుగా నిలబడాలి, అప్పుడు చిన్న అక్షరాలు కూడా కంట్లో పడతాయి.

బేస్‌మెంట్ పార్కింగుల్లో ఫోన్‌కు లొకేషన్ సరిగా అందదు. పిన్ పెట్టుకున్నా ఏ అంతస్తో చెప్పదు. స్తంభం మీది నంబరు, అంతస్తు రంగు, ఎక్కొచ్చిన లిఫ్టు ఏదో ఫోటో తీసుకోండి. రాత్రి గేటు ఎన్నింటికి మూసేస్తారో లోపలికి వెళ్లేటప్పుడే సెక్యూరిటీని అడగండి. కారు పైన క్యారియర్ ఉన్నవాళ్లు ముందు ఎత్తు బోర్డు చూసుకోవాలి. ఎవరి ఇంటి గేటుకూ అడ్డంగా పెట్టకండి. ఆ పేటవాళ్లకు మనమే కొత్తవాళ్లం, మన తర్వాత వచ్చేవాళ్లకు వాళ్ల మంచితనమే కావాలి.

కారులోనే కూర్చుంటాం, వేరే చోటెందుకు అన్న సభ్యులూ ఉన్నారు. ఇది ప్రాణం మీదికి తెచ్చే విషయం కాబట్టి మొహమాటం లేకుండా చెప్తున్నాం. 2005లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం ప్రకారం, ఎండలో నిలిపి మూసిపెట్టిన కారు లోపల వేడి గంటలో సగటున 22 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే పెరిగింది. అద్దాలు కొద్దిగా దించినా పెద్దగా తేడా రాలేదు. పిల్లల్ని గానీ, పెద్దవాళ్లను గానీ నిమిషం కోసమని కూడా మూసిన కారులో వదలకండి. బేస్‌మెంట్‌లో ఏసీ కోసం ఇంజిన్ ఆన్‌లో పెట్టుకుని నిద్రపోవడం ఇంకా ప్రమాదం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తెలిసేలోపే మనిషి స్పృహ తప్పుతాడు.

భోజనం విషయంలో పెద్దగా చెప్పాల్సింది లేదు. అక్కడ పనిచేసే సిబ్బంది ఎక్కడ తింటారో అడిగితే చాలావరకు పని అయిపోతుంది. అలాంటి హోటల్ సాధారణంగా మెయిన్ రోడ్డు మీద కాకుండా పక్క సందులో ఉంటుంది, తొందరగా పెడతారు. మధ్యాహ్నం భోజనాల తర్వాత కొన్ని హోటళ్లు సాయంత్రం దాకా మూసేస్తాయి. ఆ వేళలు కూడా పత్రంలో రాయిస్తున్నాం. ఇంటి నుంచి తెచ్చుకునేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. వండిన పదార్థాన్ని గది ఉష్ణోగ్రతలో 2 గంటలకు మించి ఉంచవద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. పొడిగా, నిలవ ఉండేవి తెచ్చుకోండి. షుగర్ ఉన్నవాళ్లు, పరగడుపున రక్తపరీక్షకు వెళ్లేవాళ్లు పరీక్ష కాగానే తినేది ఏదో ఒకటి చేతిలో ఉంచుకోవాలి.

వేచి ఉండే చోట్ల గురించి సమాచారం సేకరించడమే అన్నిటికన్నా కష్టమైంది. మ్యాపులో హోటళ్లు కనిపిస్తాయి, పార్కింగ్ కనిపిస్తుంది. ఏమీ కొనకుండా మూడు గంటలు కూర్చోనిచ్చే చోటు ఏదో ఏ మ్యాపూ చెప్పదు. లైబ్రరీలు, పార్కులు, రైల్వే స్టేషన్ వెయిటింగ్ హాళ్లు, ప్రార్థనా స్థలాల వరండాలు, ఇలా ఒక్కోచోటుకూ వెళ్లి చూసి రాశారు మన వాలంటీర్లు. ఆనుకోవడానికి వీపు ఉన్న కుర్చీ, నీడ, తాగునీరు, శుభ్రమైన బాత్రూమ్, ఛార్జింగ్ పాయింట్, చీకటి పడ్డాక లైట్లు ఉన్నాయో లేదో చూశారు. ఆడవాళ్లు ఒంటరిగా కూర్చోదగిన చోటా కాదా అన్నది మహిళా సభ్యులే వెళ్లి తేల్చారు. వాళ్లు వద్దన్న చోట్లను, మిగతావాళ్లు ఎంత బాగుందన్నా, పత్రాల్లోంచి తీసేశాం.

మంచి చోటు దొరికినా కొందరు అక్కడికి వెళ్లలేకపోతున్నారు. భార్యను ఆపరేషన్‌కు తీసుకెళ్లిన ఒక పెద్దాయన, పిలిస్తే వినపడదేమోనని తలుపు దగ్గర నుంచి కదల్లేదు. మంచినీళ్లకు వెళ్లలేదు, బాత్రూమ్‌కు కూడా వెళ్లలేదు. ఆస్పత్రివాళ్లు పిలిచేది ఫోన్‌లోనని సాయంత్రం తెలిసింది. ఆయన ఫోన్ అప్పటికే ఛార్జింగ్ అయిపోయి ఆగిపోయి ఉంది. అందుకే ప్రతి పత్రం పైన ఇప్పుడు మొదటి వరుసగా ఒక ప్రశ్న అచ్చువేస్తున్నాం: "మమ్మల్ని ఎలా పిలుస్తారు?" పేరు పెట్టి పిలుస్తారా, స్క్రీన్ మీద నంబరు వేస్తారా, ఫోన్ చేస్తారా అన్నది కౌంటర్‌లో అడిగి, ఎంతసేపు పట్టవచ్చో కూడా కనుక్కుని, ఆ తర్వాతే కూర్చోవడానికి వెళ్లండి. సంఘం తరఫున కొన్న పవర్ బ్యాంకులను కార్యదర్శి దగ్గర తీసుకోవచ్చు, వాడాక పూర్తిగా ఛార్జ్ చేసి తిరిగివ్వాలి. చాలాసేపు కూర్చునేవాళ్లు గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. ప్రయాణాల్లో 4 గంటలకు పైగా కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. ఒక్కొక్కరికీ ఆ ముప్పు చిన్నదే, అయినా లేచి నడవడానికి ఖర్చేమీ లేదు.

తమ అరుగు మీద కూర్చోమన్న ఇంటివాళ్లు కూడా కొన్ని పేటల్లో ఎదురయ్యారు. వాళ్ల పేర్లు, ఇళ్ల గుర్తులు పత్రాల్లో వేయలేదు. ఒకరిద్దరు సభ్యులు వేయమని పట్టుబట్టారు గానీ, ఒకరికి చూపిన దయను వందమందికి హక్కుగా మార్చడం సరికాదని కార్యవర్గం భావించింది.

పండుగల కార్యక్రమాలు, పిల్లల పోటీలు, రక్తదాన శిబిరం యథావిధిగా జరిగాయి. ఆడిట్ అయిన జమాఖర్చుల పట్టిక ఈ నివేదికతో పాటే పంపుతున్నాం, పవర్ బ్యాంకుల కొనుగోలు అందులో విడిగా చూపించాం.

ఈసారి సర్వసభ్య సమావేశంలో మీ ఓటుకు రెండు తీర్మానాలు పెడుతున్నాం. మొదటిది: ఆరు నెలలుగా ఎవరూ సరిచూడని పేట పత్రాన్ని పంపిణీ నుంచి తీసేయాలి. రెండోది: తోడు వెళ్లేవాళ్లు లేని సభ్యులకు, కోరితే, ఒక వాలంటీర్‌ను పంపాలి. రెండోది నెగ్గాలంటే వారంలో ఒక పూట ఇవ్వగలిగినవాళ్లు కావాలి. వీలున్నవాళ్లు ఏ రోజు, ఏ పూట అన్నది రాసి సమావేశానికి ముందే కార్యదర్శికి అందజేయండి.