మిషనుకు అప్పిచ్చారు, పల్లికాయకు ఇవ్వలేదు

గ్రామీణాభివృద్ధి శాఖ మంత్రి గారికి నమస్కారం.

కల్వకుర్తి దగ్గర ఒక ఊళ్లో నేను పల్లి నూనె గానుగ నడుపుతున్నాను. ఎద్దు గానుగ కాదు, మోటారుతో చెక్క రోలు తిరిగేది. రెండేళ్ల కిందట పీఎంఈజీపీ లోనుతో, అంటే చిన్న యూనిట్లకు కేంద్రం సబ్సిడీతో బ్యాంకు ఇచ్చే అప్పుతో, పెట్టుకున్నాను. లోను ఇవ్వలేదని ఈ ఉత్తరం రాయడం లేదు, ఇచ్చారు. ఎప్పుడు ఇచ్చారు, దేనికి ఇచ్చారు అన్నదే నా గొడవ. ఇది నా ఒక్కదాని గొడవ కాదు కాబట్టి మీ ఆఫీసుకు పంపి ఊరుకోకుండా అందరూ చదివేలా రాస్తున్నాను.

మా వైపు పల్లి యాసంగి పంట. సెప్టెంబర్, అక్టోబర్‌లో వేస్తారు, సంక్రాంతి దాటితే కాయ యార్డుకు రావడం మొదలవుతుంది. కల్వకుర్తి, అచ్చంపేట, వనపర్తి, బాదేపల్లి, ఏ యార్డుకు పోయినా ఆ రోజుల్లో కుప్పలే కుప్పలు. కొనేవాడు కుప్ప అడుగుకు చెయ్యి పోనిచ్చి నాలుగు కాయలు తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు. గలగలమంటే ఎండినట్టు, చప్పుడు లేకపోతే పచ్చిది, అక్కడికక్కడే రేటు కోస్తాడు. మొదట్లో నాకు నవ్వొచ్చేది, ఇప్పుడు నేనూ అలాగే ఊపి చూస్తున్నాను. మార్చి దాటితే యార్డు ఖాళీ. ఆ రెండు నెలల్లో కాయ కొని దాచుకున్నవాడి గానుగే ఏడాదంతా తిరుగుతుంది, మిగతావాళ్లు వానాకాలంలో వ్యాపారి చెప్పిన రేటుకు ఒలిచిన పల్లీలు కొనుక్కుని, కరెంటు బిల్లుకు సరిపోతే చాలనుకుంటూ తిప్పాలి.

నేను అక్టోబర్‌లో దరఖాస్తు పెట్టాను, సీజన్‌కు మూడు నెలల ముందు. ట్రైనింగ్ అయింది, ఫోటోలు అయ్యాయి, ఆధార్, కులం సర్టిఫికెట్, పంచాయతీ కాగితం, అన్నీ రెండేసి సార్లు ఇచ్చాను. చిన్న పరిశ్రమకు 10 లక్షల దాకా ఇచ్చే లోనుకు హామీ అడగొద్దని రిజర్వు బ్యాంకు 2010 నుంచీ చెబుతూనే ఉంది. అయినా బ్యాంకులో నన్ను అడిగిన మొదటి మాట "పట్టా పాస్‌బుక్ ఎవరి పేరు మీద ఉందమ్మా?" మంజూరు మాత్రం మార్చి ఆఖరి వారంలో గబగబా అయిపోయింది, ఎందుకో మీకు తెలియనిది కాదు, మార్చి 31కి టార్గెట్ చూపించుకోవాలి. డబ్బు డీలర్ ఖాతాలో పడి మిషను దిగేసరికి జూన్. బయట వాన పడుతోంది, లోపల కొత్త మిషను నిగనిగలాడుతోంది, అందులో పొయ్యడానికి ఊళ్లో ఒక్క బస్తా పల్లికాయ లేదు.

లెక్క చెబుతాను. మొత్తం ప్రాజెక్టు 8 లక్షలు. పల్లెలో పెట్టే ఆడవాళ్లకు సొంత వాటా 5 శాతం, అంటే నా చేతి నుంచి 40 వేలు. సబ్సిడీ 35 శాతం, 2 లక్షల 80 వేలు. వినడానికి బాగుంటుంది. ఆ సబ్సిడీ మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది, అంత మేరకు లోను మీద వడ్డీ పడదు, నిజమే, కానీ ఈ మూడేళ్లూ అందులో ఒక్క రూపాయి నా చేతికి రాదు. షెడ్డు, గానుగ, కాయ ఒలిచే మిషను, త్రీఫేజ్ కనెక్షన్ కలిసి ఆరున్నర లక్షలు మింగాయి. సరుకు కొనడానికి మిగిలింది లక్షన్నర. క్వింటాల్ 6,500 అనుకున్నా 23 క్వింటాళ్లు. 2025-26కు కేంద్రం చెప్పిన మద్దతు ధర 7,263, రైతుకు ఆ రేటు దక్కితే నాకు సంతోషమే, మేమూ రైతులమే, కానీ ఆ రేటుకైతే నాకు 20 క్వింటాళ్లు దాటి రాదు. గానుగ రోజూ తిరిగితే అది నెల కూడా రాదు. ఏడాదికి నాకు తక్కువలో తక్కువ 100 క్వింటాళ్లు కావాలి.

(నా తప్పు కూడా ఉంది. డీలర్ మాట విని అవసరానికి మించిన పెద్ద మిషను తీసుకున్నాను. కొటేషన్‌లో ఒక రేటు, అసలు రేటు ఇంకొకటి, మధ్యలోది "మీకే తిరిగి ఇస్తాం మేడమ్" అన్నాడు. ఇంతవరకు తిరిగి రాలేదు. ఏ మిషను సరిపోతుందో చెప్పే మనిషి ఒక్కడు ఉన్నా ఆ తప్పు చేసేదాన్ని కాదు.)

మొన్నటి సీజన్‌లో బయట 2 లక్షలు తెచ్చాను, మూడు రూపాయల మిత్తికి. నెలకు 6 వేలు, ఆరు నెలలకు 36 వేలు. ఆ డబ్బుకు 30 క్వింటాళ్ల కాయ వచ్చింది, క్వింటాల్‌కు 30 లీటర్లకు అటు ఇటుగా నూనె దిగుతుంది, మీరే భాగించుకోండి, లీటర్‌కు 40 రూపాయలు మిత్తికే పోయింది. నేను లీటర్ 280కి అమ్ముతుంటే కొనేవాళ్లు షాపులో ప్యాకెట్ ఇంతకన్నా తక్కువకు దొరుకుతుంది కదా అంటారు. ఆ తేడాలో ఎంత గానుగది, ఎంత మిత్తిది అని వాళ్లకు ఏం చెప్పను?

మా నాన్న ఇరవై ఏళ్లు గుంపు మేస్త్రి కింద, అంటే అడ్వాన్సు ఇచ్చి కూలీలను పనికి తీసుకుపోయేవాడి కింద, వలస పోయాడు. కాలువ పనులు, డ్యాం పనులు, పాలమూరు కూలీ అంటే దేశమంతా తెలిసిన మనిషే కదా. మేస్త్రి మంచివాడేం కాదు, ఇచ్చిన అడ్వాన్సుకు రెండింతలు పని పిండుకునేవాడు. కానీ పండగ ముందు ఇంట్లో గింజలు అయిపోయాయని తెలిసి సరిగ్గా ఆ రోజే గుమ్మంలోకి వచ్చి డబ్బు చేతిలో పెట్టేవాడు. జిరాక్స్ అడగలేదు, పాస్‌బుక్ అడగలేదు. మా పల్లెల్ని కట్టిపడేసింది ఆ టైమింగే. సర్కారు అప్పు ఎంత తక్కువ వడ్డీది అయినా, సీజన్ దాటాక వస్తే జనం మళ్లీ ఆ గుమ్మంలో మనిషి దగ్గరికే పోతారు.

మా తమ్ముడి సంగతి ఇంకోలా ఉంది. 2025లో రాష్ట్ర సర్కారు నిరుద్యోగ యువతకు పెట్టిన రాజీవ్ యువ వికాసం పథకం వచ్చింది, 50 వేల యూనిట్‌కు మొత్తం సబ్సిడీ, 4 లక్షల దాకా పోతే 70 శాతం. వాడు టెంట్‌హౌస్ సామాను కోసం పెట్టాడు. జూన్ 2న మంజూరు పత్రాలు అన్నారు, వాయిదా పడింది. అంతకు ముందు వాడు చిట్టీ ఎత్తుకుని చిన్నగా మొదలుపెడదామని అనుకుంటూ ఉన్నాడు, 70 శాతం మాఫీ అయ్యేది ఉండగా సొంత డబ్బు ఎవడు పెడతాడని ఆగిపోయాడు. ఆ పెళ్లిళ్ల సీజన్ పోయింది. సబ్సిడీ రాకపోతే నష్టం లేదనుకుంటారు, వస్తుందో రాదో చెప్పకుండా ఆపితే మాత్రం నష్టమే.

మీరు చేసినవాటిలో మంచివి లేవని కాదు. నారాయణపేటలో మహిళా సమాఖ్య పెట్రోల్ బంకు 2025 ఫిబ్రవరిలో మొదలైంది, చాలా సంతోషం వేసింది. అది ఎందుకు నడుస్తుందంటే అక్కడ సరుకు ట్యాంకర్‌లో వస్తుంది, కొనేవాడు బండి తోసుకుంటూ వస్తాడు. స్కూలు పిల్లల యూనిఫాం కుట్టే పని సంఘాలకు ఇచ్చారు, అదీ అంతే, గుడ్డ మీరే ఇస్తారు, కొనేదీ మీరే. మాకు ఈ రెండూ లేవు, మిషను ఒక్కటే ఉంది.

అందుకని అడుగుతున్నాను. కొత్త పథకం అక్కర్లేదు. మార్కెట్ యార్డుల్లో ఎప్పటి నుంచో రైతుబంధు అని ఒకటి ఉంది, ఎకరాకు ఇచ్చిన రైతుబంధు కాదు, అంతకు ముందుది. రైతు పంటను యార్డు గోదాంలో పెడితే విలువలో 75 శాతం దాకా అప్పు, 180 రోజులు వడ్డీ లేకుండా. అది రైతుకే. అదే పద్ధతిలో, మా దగ్గర వడ్డీ తీసుకునైనా సరే, చిన్న గానుగలకు, సంఘాల యూనిట్లకు ఇవ్వండి. కాయ యార్డు గోదాంలో మీ తాళం కిందే ఉంటుంది. నేను 10 బస్తాల డబ్బు కడతాను, 10 బస్తాలు విడిపించుకుంటాను, నూనె తీసి అమ్మి మళ్లీ వస్తాను. పాస్‌బుక్‌తో పనేముంది, హామీ అక్కడే బస్తాల్లో ఉంది. సంక్రాంతికి ముందే మంజూరు అయి ఉండాలి, అదొక్కటే షరతు. మహబూబ్‌నగర్ జిల్లా బాలానగర్ వైపు సీతాఫలం గుజ్జు తీద్దామనుకునే వాళ్లకు ఆగస్టు లోపల కావాలి, ఆ కాయ కోశాక నాలుగు రోజులు కూడా ఆగదు. జిల్లా బ్యాంకర్ల మీటింగ్‌లో టార్గెట్ ఎంత అని అడిగే ముందు ఏ పంటకు ఏ నెలలో అని అడగండి.

ఇంకొకటి. గురుకులాలు, హాస్టళ్లకు కొనే నూనెలో కొంచెమైనా, నెలకు 100 లీటర్లైనా, ఆ మండలం గానుగల నుంచి తీసుకోమనండి. టెస్టింగ్‌కు ఇస్తాం, తేడా వస్తే తిప్పి పంపండి.

సరుకు కొనడానికి బ్యాంకు ఇచ్చే నా సీసీ (క్యాష్ క్రెడిట్) లిమిట్ లక్షన్నర నుంచి 5 లక్షలకు పెంచమని పెట్టిన కాగితం బ్యాంకులో ఉంది. పోయిన వారం వెళ్తే సారు లీవులో ఉన్నారు. మా పక్క చేలో పల్లి ఊడలు దిగుతోంది, ఇంకో రెండు నెలలకు యార్డుకు వస్తుంది.

ఇట్లు,
కల్వకుర్తి దగ్గర ఒక గానుగ నడిపే ఆమె