దవాఖానా లైన్లో మా అమ్మమ్మకు గోలీల సంగతి చెప్పిన అక్కకు

మొన్న బస్తీ దవాఖానా లైన్లో మా అమ్మమ్మ వెనకాల నిలబడ్డ ఆకుపచ్చ చీర అక్కా, హడావిడిలో మీ పేరు అడగలేదు, ఇది మీదాకా చేరాలని రాస్తున్నా.

అమ్మమ్మ చేతి సంచిలోని బీపీ గోలీల షీట్లు రెండూ మీరు పక్కపక్కన పెట్టి, పైన కంపెనీ పేర్లు వేరైనా కింద చిన్న అక్షరాల్లో రెండింటి మీదా అమ్లోడిపిన్ అని ఒకే మందు పేరు ఉందని చూపించారు. ఒకటి బయట కొన్నది, ఇంకొకటి ఇక్కడ ఫ్రీగా ఇచ్చింది, ఆమె రోజూ రెండూ వేసుకుంటోంది. కాళ్ల వాపు, కళ్లు తిరగడం వయసు వల్లేనని అందరూ తేల్చేశారు. మీరు డాక్టరమ్మ దాకా వచ్చి చెప్పారు, ఆమె వెంటనే ఒకటి ఆపేయించారు. ఆ తర్వాత మీరు "పెద్దమ్మా, ఏది ఎప్పుడు వేసుకుంటావో నువ్వే చెప్పు" అని అమ్మమ్మ నోటితోనే చెప్పించారు చూడండి, అంత ఓపిగ్గా ఆమెతో ఇన్నాళ్లూ ఎవరూ మాట్లాడలేదు.

జీవితమంతా నలుగురి ఇళ్లలో పని చేసిన మనిషి, అక్షరం ముక్క రాదు, ఆ షీటు మీదేమో ఇంగ్లీషే. డబ్బున్నవాళ్లకైతే డాక్టర్ ఫోన్లోనే విడమర్చి చెప్తాడు, ఈమెకు ఎవరు చెప్పాలి?

షుగర్ పరీక్ష కూడా అక్కడే ఫ్రీ అని మీరన్నాకే తెలిసింది, చేయించాం. వాపు తగ్గుతోంది. చాలా చాలా థ్యాంక్స్ అక్కా.