వాయుగుండానికి పేరు కాదు, వాగుకు కొలత కావాలి

సంపాదకులకు నమస్కారం.

అట్లాంటిక్‌లో పుట్టే ఉప ఉష్ణమండల తుపాన్లకు పేర్లు అవసరమా అన్న వాదన మనకు సంబంధం లేనిదిగా కనిపించవచ్చు. అదే వాదన మన దగ్గర వేరే వేషంలో వస్తుంటుంది: ములుగును, మానుకోటను (మహబూబాబాద్) ముంచిన అల్పపీడనాలకు, వాయుగుండాలకు పేరుంటే జనం ముందే మేలుకొనేవారు కదా అని. అక్కడ పేరు పెట్టడం సరైనదే. ఇక్కడ పెట్టినా ఒరిగేదేమీ లేదు.

ముందు అక్కడి సంగతి. మామూలు తుపాను వెచ్చటి సముద్రం మీద బతుకుతుంది. నీరు సుమారు 26.5 డిగ్రీలుండాలి. పెనుగాలులు కేంద్రానికి దగ్గరగా బిగుసుకుని ఉంటాయి. ఉప ఉష్ణమండల తుపానుది సగం ఈ తీరు, సగం చలిదేశాల గాలివాన తీరు. పైగాలి బాగా చల్లగా ఉంటే నీరు అంత వెచ్చగా లేకున్నా పుట్టేస్తుంది. దాని జోరుగాలులు కేంద్రానికి చాలాసార్లు వంద కిలోమీటర్ల అవతల వీస్తాయి, మేఘాలు ఒక పక్కకే పోగవుతాయి. 1970ల తొలి ఏళ్లలో అమెరికా వాతావరణ శాఖ వీటికి విడిగా ఆల్ఫా, బ్రావో అని పేర్లు పెట్టి చూసింది. తర్వాత నంబర్లకు మారి, 2002 నుంచి మామూలు తుపాన్ల జాబితాలోంచే పేర్లు ఇస్తోంది. గాలి 34 నాట్లు, అంటే గంటకు 63 కిలోమీటర్లు చేరితే చాలు.

ఇలా చేయడంతో ఏడాదికి తుపాన్ల లెక్క పెరిగిపోయి, పాత ఏళ్లతో పోలిక చెడుతుందని కొందరి అభ్యంతరం. అందులో నిజం లేకపోలేదు. కానీ అది లెక్కలు రాసుకునేవాళ్ల ఇబ్బంది. పడవలో ఉన్నవాడికి, ఒడ్డున ఇల్లున్నవాడికి గాలి వేగమే ముఖ్యం. తుపాను లోపల వేడిగా ఉందా, చల్లగా ఉందా అన్నది వాళ్లకెందుకు? పైగా ఈ తుపాన్లు దారిలో రూపం మార్చుకుంటాయి. 2022 నవంబరులో నికోల్‌కు ఉప ఉష్ణమండల తుపానుగానే పేరు పెట్టారు. మూడు రోజుల్లో హరికేన్‌గా ఫ్లోరిడాను తాకింది. మొదట నంబరిచ్చి, నడిమధ్యలో పేరుకు మారిస్తే వినేవాడు రెండు తుపాన్లనుకునే ప్రమాదముంది. మన దగ్గరా అలాంటిది జరిగింది. 2021 సెప్టెంబరులో కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్ బలహీనపడి, దేశాన్ని దాటుకుని అరేబియా సముద్రంలో మళ్లీ లేచేసరికి దాని పేరు షాహీన్ అయింది.

ఇక మన నియమం. భారత వాతావరణ శాఖ లెక్కలో గాలి గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లయితే వాయుగుండం, 61 వరకు తీవ్ర వాయుగుండం, 62 చేరితేనే తుపాను. 13 దేశాలు కలిసి 2020లో ఇచ్చిన 169 పేర్ల జాబితా తెరిచేది అప్పుడే. ఈ గీతకు వానతో ఏ సంబంధమూ లేదు. వానాకాలంలో బంగాళాఖాతం మీద కింద పడమటి గాలి, పైన తూర్పు గాలి ఎదురెదురుగా వీస్తుంటాయి కాబట్టి తుపాను నిలువునా కట్టుకోవడం కష్టం. ఉత్తర బంగాళాఖాతంలో పుట్టినది ఒకటి రెండు రోజుల్లోనే తీరం ఎక్కేస్తుంది. అందుకే జూలై, ఆగస్టుల్లో మనల్ని ముంచేవాటికి పేరు ఉండదు. 2023 జూలై 27 ఉదయానికి 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 64.9 సెంటీమీటర్లు కురిసింది. మోరంచపల్లి మునిగింది, కొండాయి ఊరిని జంపన్నవాగు ముంచెత్తింది. దాని వెనక ఉన్నది అల్పపీడనం, వాయుగుండం కూడా కాదు.

మరి దానికీ పేరు పెట్టొచ్చు కదా? బ్రిటన్, ఐర్లాండ్ 2015 నుంచి జరగబోయే నష్టాన్ని అంచనా కట్టి పేరు పెడుతున్నాయి. కానీ పేరు కేంద్రం వెంట నడుస్తుంది, మన వాన నడవదు. పడమటి వాయవ్యంగా కదిలే వాయుగుండానికి నైరుతి పక్కనే కుండపోత ఎక్కువ. 2024 ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక ఒక వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటింది. అక్కడికి మహబూబాబాద్ 400 కిలోమీటర్లకు పైనే. అయినా కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింది కంకర కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. పేరుంటే టీవీ తెర మీద చూపు శ్రీకాకుళం వైపు తిరిగేదే తప్ప మన ఆకేరు వాగు వైపు కాదు. పైగా ఒడిశా దాటి పోయే వాయుగుండాల్లో కొన్ని మనకు చినుకైనా తేవు. నాలుగు పేర్లు ఉత్తవైతే ఐదోదాన్ని ఎవరూ పట్టించుకోరు.

పేరున్న తుపానే వస్తే ఏమైందో 2025 అక్టోబరులో చూశాం. థాయ్‌లాండ్ ఇచ్చిన పేరుతో వచ్చిన మొంథా 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటింది, మర్నాడు బలహీనపడింది. తీరంలో గండం గడిచిందనుకున్న ఆ రోజే హనుమకొండ జిల్లా భీమదేవరపల్లిలో 40 సెంటీమీటర్లకు పైగా పడి, వరంగల్ కాలనీలు మునిగాయి. కల్లాల్లో వడ్లు, చేలల్లో పత్తి ఉండే కాలమది. ‘బలహీనపడింది’ అన్నది గాలి గురించిన మాట. వాన గురించి అది ఏమీ చెప్పదు. 2023 సెప్టెంబరులో లిబియాలోని దెర్నాలో రెండు డ్యాములు తెగినప్పుడు కూడా తుపానుకు డేనియల్ అన్న పేరు ముందే ఉంది.

కాబట్టి వాయుగుండానికి నంబరు చాలు. వాతావరణ శాఖ రికార్డుల్లో అది ఎలాగూ ఉంది: బీఓబీ (బే ఆఫ్ బెంగాల్) అన్న గుర్తు, పక్కన ఆ ఏటి వరుస సంఖ్య. దాన్నే తెలుగు బులెటిన్లలో చెప్పాలి. అల్పపీడనంగా తగ్గినా వాన ఆగేదాకా అదే నంబరు కింద హెచ్చరిక కొనసాగించాలి.

అసలు పని నేల మీద ఉంది. భద్రాచలంలో గోదావరి 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఏ మండలానికి ఏ అంకెకు దారి మూసుకుపోతుందో అక్కడి ఆటోవాళ్లు కూడా చెప్పగలరు. ఏ తుపాను వల్ల వచ్చిన వరద అని ఎవరూ అడగరు. అలాంటి అంకెలు మోరంచవాగుకు, జంపన్నవాగుకు, బొందివాగుకు, నయీంనగర్ నాలాకు కావాలి. వాటిని ఊహించి రాయకూడదు. వాగు ఒడ్డున అన్నిటికన్నా పల్లంలో ఉన్న ఇంటి గడప మట్టం కొలవాలి. ఊరు ఖాళీ చేయడానికి ఎంతసేపు పడుతుందో చూడాలి. గత వరదల్లో నీరు గంటకు ఎంత పెరిగిందో తీసుకుని, గడప మట్టం నుంచి అంత కిందికి మొదటి గీత గీయాలి. రెండు గంటలు పట్టే ఊరికి, గంటకు మీటరు పెరిగే వాగు అయితే, గడప కన్నా రెండు మీటర్ల కింద.

ఎక్కడ చెడుతుందంటే, రాత్రిపూట. నీటిమట్టం కొలిచే సెన్సర్ ఒక్కదాన్నే నమ్ముకుంటే, కరెంటుతోపాటు సెల్ టవరూ పోయినప్పుడు కబురే రాదు. వంతెన స్తంభానికి రంగు గీతల పలక, దాన్ని టార్చి వేసి చదివే మనిషి, పంచాయతీ మైకు, అదీ పలకకపోతే డప్పు చాటింపు ఉండాలి. పలకను వంతెన దగ్గర మాత్రమే పాతితే లాభం లేదు. ఊరికి ఎగువన నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఇంకొకటి ఉంటేనే వ్యవధి దొరుకుతుంది.

మనవి ఒకదాని మిగులు నీరు ఇంకోదానిలోకి పారే గొలుసుకట్టు చెరువులు కావడం ఇంకో చిక్కు. చదరపు కిలోమీటరు మీద ఒక సెంటీమీటరు వాన కోటి లీటర్లు. 40 సెంటీమీటర్లు 71 చదరపు కిలోమీటర్ల మీద పడితే ఒక టీఎంసీ (వంద కోట్ల ఘనపుటడుగులు). పై చెరువు మత్తడి (అలుగు) దుంకినంతసేపూ కింది చెరువు తట్టుకోగలదు. పై కట్టకు బుంగ పడి గండి పడిందా, ఆ నీరంతా ఒక్కసారిగా కింది కట్ట మీద పడుతుంది. 2023లో వరంగల్‌లో భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడింది. అందుకే పై చెరువు మత్తడికి అడుగు తక్కువ ఉన్నప్పుడే కింది ఊళ్లకు కబురు వెళ్లాలి. మత్తడి మీద చేపల కోసం కట్టే వలలు, తట్టుకున్న చెత్త తీసే పని మే నెలలోనే అయిపోవాలి.

లోలెవల్ వంతెనలకు కూడా గీతలు కావాలి. పారే నీరు 30 సెంటీమీటర్లుంటే చిన్న కారు తేలుతుంది, 60 ఉంటే జీపులాంటి పెద్ద కార్లు కూడా చాలావరకు కొట్టుకుపోతాయి. మొదటి గీత దగ్గరే గేటు వేయాలి. తాళం ఎవరి దగ్గర ఉంటుందో ఆ గేటు మీదే రాసిపెట్టాలి.

ఇట్లు,
విశ్రాంత భూగోళశాస్త్ర అధ్యాపకుడు, హనుమకొండ