ఆరుసార్లు మూసేసిన నా ఫిర్యాదు గురించి

అప్పీలు అధికారి గారికి,

అయ్యా,

నేను శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో కొబ్బరికాయల వ్యాపారం చేసుకునేవాణ్ణి. పదమూడేళ్లుగా మీ సిమ్మే వాడుతున్నాను. అక్కర్లేని ప్రచార ఫోన్లు ఆపమని అడిగి అడిగి, ఇక అడగడానికి ఎవరూ మిగలక ఈ ఉత్తరం రాస్తున్నాను. లోన్ కావాలా, ప్లాటు కావాలా అని ఫోన్ చేసే పిల్లల మీద నాకు అంత కోపం లేదు. వాళ్లు ఎవరి దగ్గరో జీతానికి కూర్చున్నవాళ్లు. నా కోపమంతా మీ మీద. ఆరుసార్లు ఫిర్యాదు చేస్తే ఆరుసార్లూ ఏదో ఒక మెసేజ్ పంపి మూసేశారు. ఒక్కసారి కూడా ఏం పరిష్కరించారో చెప్పలేదు.

కిందటేడు దసరా ముందు మా అమ్మాయి చెబితే స్టార్ట్ అని రాసి పక్కన సున్నా పెట్టి 1909కి పంపాను. డీఎన్‌డీ, అంటే ప్రచార ఫోన్లు వద్దనే నమోదు, అయిపోయిందని జవాబొచ్చింది. సంతోషించాను. దీపావళి దాకా చూశాను. ఫోన్లు తగ్గకపోగా పెరిగాయి. లారీల నంబర్లు, కాయల లెక్కలు రాసుకునే నోటుబుక్కులోనే వెనక పేజీల్లో ఈ ఫోన్ల నంబర్లు రాయడం మొదలుపెట్టాను. ఒకరోజు పొద్దున్నుంచి రాత్రి లోపు తొమ్మిది వచ్చాయి. లోన్లు, క్రెడిట్ కార్డులు, విశాఖపట్నంలో ప్లాట్లు, షేర్ మార్కెట్ సలహాలు. బ్లాక్ చేస్తే రేపు అదే గొంతు ఇంకో నంబరు నుంచి పలుకుతుంది.

తెలియని నంబర్లు ఎత్తకుండా ఉండొచ్చు కదా అని మీ వాళ్లే నాకు సలహా ఇచ్చారు. ఎలా ఉంటానండీ? లోడు తీసుకెళ్లే లారీ డ్రైవర్ ప్రతిసారీ కొత్తవాడే. చెక్‌పోస్టు దగ్గర ఆగినా, టైరు పేలినా వాడి దగ్గర ఉండేది నా కొట్టు చీటీ మీద నంబరే. ఉత్తరాది నుంచి కాయలు కొనేవాళ్లు ఏ నంబరు నుంచి చేస్తారో నాకు తెలియదు. ఒక ఫోను ఎత్తకపోతే వాళ్లు పక్క కొట్టుకి చేస్తారు. అన్నిటికీ మించి మా ఇంట్లో డయాలసిస్ మనిషి ఉంది. మా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు సంగతి మీరు పేపర్లలో చదివే ఉంటారు. నా భార్యకి వారానికి రెండుసార్లు డయాలసిస్. సెంటర్ వాళ్లు టైము మారితే ఫోన్ చేసి చెబుతారు, అదీ ఒక్కోసారి ఒక్కో నంబరు నుంచి.

మొదటి ఫిర్యాదు సంక్రాంతి వెళ్లిన వారంలో చేశాను. కస్టమర్ కేర్‌లో ఒకమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "ఏడు రోజుల్లో ఆగిపోతాయి సర్" అంది. మూడో రోజున పరిష్కరించామని మెసేజ్ వచ్చింది. ఆ మెసేజ్ చదువుతుండగానే ప్లాట్ల వాళ్లు ఫోన్ చేశారు.

రెండోసారి చేస్తే, ఫోన్ వచ్చిన తేదీ, టైము, నంబరు, ఏం మాట్లాడారో అన్నీ కావాలన్నారు. నోటుబుక్కు తెరిచి పదకొండు నంబర్లు ఒక్కొక్కటే చదివాను. అవతలి అబ్బాయి మధ్యలో రెండుసార్లు హోల్డ్‌లో పెట్టాడు. ఏడో నంబరు దగ్గర లైను తెగింది. తిరిగి చేస్తే ఇంకొకరు ఎత్తి, మొదటి నుంచి చెప్పమన్నారు. మొదటి నుంచి చెప్పాను. మర్నాడు "వివరాలు సరిపోనందున" మూసేశామని మెసేజ్ వచ్చింది. పదకొండు నంబర్లు, పదకొండు తేదీలు, పదకొండు టైములు ఇచ్చాక ఇంకేం వివరం తక్కువైంది? మా కొట్టులో కాయలు ఒలిచే మనిషి కూడా చెప్పిన లెక్క ఒక్కసారికే గుర్తు పెట్టుకుంటాడు.

మూడోసారి, ఆ నంబర్లు మా కంపెనీవి కావు, వేరే కంపెనీకి పంపామన్నారు. అక్కడేమైందో చెప్పమంటే మా దగ్గర ఆ వివరం ఉండదన్నారు. నాలుగోసారి, మీరే ఎక్కడో అనుమతి ఇచ్చి ఉంటారన్నారు. ఎవరికిచ్చాను, ఎప్పుడిచ్చాను, చూపించండి అని అడిగితే ఫోన్ పెట్టేశారు. ఐదోసారి ఎత్తిన కుర్రాడు చాలా తేలిగ్గా "అంకుల్, నంబర్ మార్చేసుకోండి" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. ఈ నంబరు నా కొట్టు బోర్డు మీద ఉంది. నేను పంపిన ప్రతి లోడు చీటీ మీద ఉంది. డయాలసిస్ సెంటర్ రిజిస్టర్‌లో ఉంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను మా ఊళ్ల మీద పడినప్పుడు కూడా నా చేతిలో ఇదే నంబరు. తెల్లారి లేచి చూస్తే తోటలకి తోటలు పడి ఉన్నాయి. తాతల నాటి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు, మీ టవరు పనిచెయ్యలేదు. జనరేటర్ దగ్గర డబ్బులిచ్చి ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుని, సిగ్నల్ కోసం రోడ్డు మీదికి నడిచి వెళ్లాం. హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడికి బతికే ఉన్నామని చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అప్పుడు మిమ్మల్ని ఒక్క మాట అన్నానా? మాకు వచ్చిన కష్టమే వాళ్లకీ వచ్చిందనుకున్నాను. చాలామంది వేరే కంపెనీకి మారారు. నేను మారలేదు. అలాంటి మనిషిని పట్టుకుని నంబర్ మార్చుకోమంటారా?

ఇక ఆరో ఫిర్యాదు. ఇది మాత్రం పూర్తిగా చదవమని కోరుతున్నాను.

ఆ రోజు సాయంత్రం లోడు ఎక్కుతోంది. లోన్ల వాళ్లు వరసగా రెండుసార్లు చేశారు. విసుగొచ్చి, ఆ తర్వాత ఏదో కొత్త నంబరు నుంచి వస్తే ఎత్తకుండా కట్ చేశాను. మళ్లీ వచ్చింది, మళ్లీ కట్ చేశాను. మూడోసారీ వచ్చింది, అదీ కట్ చేశాను. అది డయాలసిస్ సెంటర్ నుంచి. ఒక మిషను ఆగిపోయింది, రేపు మధ్యాహ్నం కాకుండా పొద్దున్నే రండి అని చెప్పడానికి చేశారట. మేం ఎప్పటిలాగే మధ్యాహ్నం వెళ్లాం. మిషన్లన్నీ నిండిపోయాయి. వాళ్ల తప్పు ఏమీ లేదు, మూడుసార్లు చేశారు పాపం. మర్నాటికి టైము ఇచ్చారు. ఆ రాత్రి నా భార్యకి పడుకుంటే ఊపిరి అందలేదు. తెల్లవార్లూ గోడకి ఆనుకుని కూర్చుంది. కాళ్లు వాచిపోయాయి. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది. తెల్లవారుజామున "ఆ పోన్లోళ్లకి ఓపాలి సెప్పండి, మనకి ఏ అప్పూ వద్దని" అంది. అంతే.

మర్నాడు ఆమెను లోపల పడుకోబెట్టి, సెంటర్ వరండాలోంచే మీ కస్టమర్ కేర్‌కి చేశాను. జరిగిందంతా చెప్పాను. చెబుతుంటే నా గొంతు పట్టుకుపోయింది. అవతలి మనిషి మొత్తం విని, "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం సర్, ఫిర్యాదు నమోదు చేశాను" అన్నాడు. ఆ వెంటనే, అదే ఊపిరిలో, "మీ నంబరుకి ఒక మంచి కాలర్ ట్యూన్ ఆఫర్ ఉంది సర్, యాక్టివేట్ చేయమంటారా?" అన్నాడు.

అక్కర్లేని అమ్మకపు ఫోన్ల మీద ఫిర్యాదు చేస్తే, ఆ ఫిర్యాదులోనే నాకు సరుకు అమ్మబోయారు. ఆ అబ్బాయి చేత అలా చదివించేది మీ కంపెనీయే. ఆ కాగితం రాసినవాళ్లు ఒక్కరోజు మా వరండాలో కూర్చోవాలి.

రెండో రోజున ఆ ఆరో ఫిర్యాదు కూడా "పరిష్కరించాం" అని వచ్చింది.

అప్పుడు శ్రీకాకుళం బయల్దేరాను. మా ఊరి నుంచి వంద కిలోమీటర్లకు పైనే. ఒక రోజు కొట్టు మూసి వెళ్లాను. మీ షోరూమ్‌లో టోకెన్ ఇచ్చారు, గంటన్నర కూర్చున్నాను. తీరా పిలిచి, ఇక్కడ సిమ్‌లూ రీఛార్జ్‌లూ మాత్రమే, ఫిర్యాదు ఫోన్‌లోనే చెయ్యాలన్నారు. మేనేజర్ గారిని కలుస్తానంటే ఆయన నిలబడే మాట్లాడి, ఇలాంటివి కన్స్యూమర్ కోర్టులో నడవవని కూడా చెప్పారు. నేను కోర్టు మాటే ఎత్తలేదు. ఆయనే ఎత్తారు.

మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. ఆ రాత్రే కూర్చుని రూల్స్ వెతికి నాకు చదివి వినిపించింది. ఫోన్ కంపెనీల మీద నియంత్రణ ఉన్న ట్రాయ్ 2018లో పెట్టిన నిబంధనల్ని 2025 ఫిబ్రవరిలో ఇంకా గట్టి చేశారు. ప్రచారం ఫోన్లు 140తో మొదలయ్యే నంబర్ల నుంచి రావాలి. నాకు వచ్చేవన్నీ మామూలు పది అంకెల మొబైల్ నంబర్లు. రిజిస్టర్ కాకుండా ఇలా చేసేవాళ్ల మీద ఐదు రోజుల్లో చర్య మొదలుపెట్టాలి. మొదటిసారి తప్పు చేస్తే పదిహేను రోజులు అవుట్‌గోయింగ్ ఆపాలి. మళ్లీ చేస్తే ఏడాది పాటు వాళ్ల లైన్లన్నీ తీసెయ్యాలి. వచ్చిన ఫోన్ల లెక్క కంపెనీ తప్పుగా చూపిస్తే మొదటిసారికి రెండు లక్షలు, రెండోసారికి ఐదు, ఆ పైన ప్రతిసారీ పది లక్షల జరిమానా ఉంది.

అది విన్నాక నాకు ఒకటే ప్రశ్న మిగిలింది. మూసేసిన నా ఆరు ఫిర్యాదుల్ని మీరు ట్రాయ్‌కి ఏ లెక్కలో చూపించారు? నోటుబుక్కులో నా దగ్గర నలభై మూడు నంబర్లున్నాయి, తేదీలతో, టైములతో. మీ లెక్కలో ఎన్ని ఉన్నాయి?

మీ మేనేజర్ గారికి కూడా ఒకటి తెలియాలి. టెలికాం కంపెనీ మీద వినియోగదారుడు కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్లవచ్చని సుప్రీంకోర్టు 2022లోనే చెప్పింది. 2019 చట్టం ప్రకారం నేను ఉండే జిల్లాలోనే కేసు వెయ్యొచ్చు. ఐదు లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. శ్రీకాకుళంలో జిల్లా కమిషన్ ఉంది. మీ షోరూమ్‌కి వచ్చినట్టే అక్కడికీ వస్తాను. ఈసారి కొట్టు మూసినా నాకు నష్టం అనిపించదు.

డబ్బుల కోసం రాయడం లేదు. ఎంత కావాలో నేను అడగలేదు, అడగను. నా ఆరు ఫిర్యాదుల్లో ఒక్కొక్క దాని మీద ఏ నంబరుకి ఏం చేశారో కాగితం మీద రాసి, సంతకం పెట్టి పంపాలి. ఆ రోజు నాకు కాలర్ ట్యూన్ అమ్మబోయిన మాటల్ని ఫిర్యాదు కాల్స్‌లోంచి తీసెయ్యాలి. మీ కంపెనీలో ఒక మనిషి, పేరున్న మనిషి, నాతో మాట్లాడాలి. పదిహేను రోజులు చూస్తాను. ఆ తర్వాత ఈ ఉత్తరం నకలు, నోటుబుక్కు పేజీల నకళ్లు ట్రాయ్‌కీ, జిల్లా కమిషన్‌కీ వెళ్తాయి. నంబరు వదలను, పోర్టు పెట్టుకుని అదే నంబరుతో వేరే కంపెనీకి వెళ్తాను. మా కొబ్బరి కొట్ల వాళ్లు ఇప్పటికే నలుగురు అడుగుతున్నారు, ఏమైంది, నువ్వు మారితే మేమూ మారతాం అని.

నాతో మాట్లాడాలనుకుంటే మంగళవారం, శుక్రవారం మాత్రం చేయకండి. ఆ రెండు రోజులూ డయాలసిస్ సెంటర్ వాళ్లు చేస్తారు, లైను ఖాళీగా ఉంచుకోవాలి.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
కొబ్బరి వ్యాపారి, కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా

జతచేసినవి: నోటుబుక్కు పేజీల నకళ్లు, ఆరు మెసేజ్‌ల ప్రింట్లు, షోరూమ్ టోకెన్ చీటీ