ఆపరేషన్ ఆపినవాళ్లకు, చేసినవాళ్లకు కృతజ్ఞతలు

పుట్టుచెవుడున్న మా చంటోడికి కాక్లియర్ ఇంప్లాంట్ (వినబడటానికి ఆపరేషన్ చేసి చెవి లోపల పెట్టే పరికరం) పెట్టారు. నిన్న దాని స్విచ్ ఆన్ కూడా అయింది. డాక్టర్లు పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

మొదటి దండం ఆపరేషన్ ఆపించిన పీజీ డాక్టరమ్మకి. మత్తుకు ముందు చేసే చెకప్‌లో "ఏడ్చినప్పుడు ఎప్పుడైనా స్పృహ తప్పాడా?" అని అడిగింది. తప్పాడండీ, ఫిట్స్ అన్నారు, మందు వాడుతున్నాం అన్నాం. వెంటనే ఈసీజీ తీయించి, ఆ గీతల మీద స్కేలు పెట్టి కొలిచింది. క్యూటీసీ (గుండె ఒకసారి కొట్టుకుని మళ్లీ సిద్ధమవడానికి పట్టే టైము) 540 మిల్లీసెకన్లు, చాలా ఎక్కువ! జర్వెల్ లాంగె నీల్సన్ సిండ్రోమ్ అని గుండె డాక్టరు గారు తేల్చారు. గుండెలోనూ, లోపలి చెవిలోనూ పొటాషియం వెళ్లే దారి ఒకటేనట. అది పాడైతే పుట్టుచెవుడూ వస్తుంది, గుండె లయా తప్పుతుంది, వాడు స్పృహ తప్పింది అందుకేనట. అమ్మానాన్నలిద్దరి నుంచీ ఆ లోపం రావాలి. మాది మేనరికం. అయినా ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు.

వాయిదా అనేసరికి ఇంట్లో పెద్దవాళ్లు గొడవ చేశారు. గుండె లయ తప్పకుండా కాచే ప్రొప్రనలాల్ అనే మందు మొదలుపెట్టి, గుండె కుదురుకున్నాకే మళ్లీ డేట్ ఇచ్చారు.

ఇక మత్తు డాక్టరు గారు. కేస్ షీట్ మీద ఎర్ర ఇంకుతో "ఆండాన్‌సెట్రాన్ వద్దు" అని పెద్దగా రాశారు. ఆపరేషన్ అయ్యాక వాంతులకని అలవాటుగా ఇచ్చే ఇంజెక్షన్ అది, క్యూటీని ఇంకా పొడిగిస్తుంది. కడుపు ఖాళీగా ఉంచమన్నా, ఆ పొద్దున ప్రొప్రనలాల్ మాత్రం మాననివ్వలేదు. సిస్టర్ చెంచాడు నీళ్లలో నూరి తాగించింది. వాడు బెదిరి ఏడిస్తేనే ప్రమాదం కదా, అందుకే మగత వచ్చేదాకా మా ఆవిడ ఒళ్లోనే ఉంచారు. లోపల మత్తు గ్యాస్ మానేసి నరంలోకి ప్రొపోఫాల్ అనే మత్తుమందు ఎక్కించారట. షాక్ ప్యాడ్లు ముందే ఒంటికి అంటించి, గుండె లయ తప్పితే ఇవ్వడానికి మెగ్నీషియం సిరంజిలోకి తీసి పక్కన పెట్టుకున్నారు. రక్తం తగ్గడానికి చెవి వెనక మామూలుగా వేసే అడ్రినలిన్ కూడా గుండెను రెచ్చగొడుతుందని వద్దనుకుని, సర్జన్ గారు ఓపిగ్గా పని కానిచ్చారు. దేవుడి దయ, ప్యాడ్ల అవసరం రాలేదు.

గడువు దాటిన ఆరోగ్యశ్రీ అప్రూవల్ కోసం మాతో పాటు తిరిగిన ఆరోగ్యమిత్ర తమ్ముడికి కూడా థాంక్స్. మా ఇద్దరికీ, పెద్దమ్మాయికీ ఈసీజీలు తీయించమని గట్టిగా చెప్పి పంపారు, తీయించాం. వాడకూడని మందుల జాబితాకి లామినేషన్ చేయించి ఇంటిల్లిపాదీ ఫోన్లలో ఫొటో పెట్టుకున్నాం. అంగన్‌వాడీ టీచరమ్మ తనంతట తనే అడిగి ఒక కాపీ గోడకి అంటించుకుంది, ఆవిడకీ మా నమస్కారాలు.