మా ఇంటి పెద్దల పేర్లున్న అసలు కాగితం తిరిగి ఇవ్వాలని ఫిర్యాదు

తిరుపతి,
25 సెప్టెంబరు 2025.

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,
వంశ చరిత్ర పుస్తకాల విభాగం.

విషయం: మేమిచ్చిన అసలు కాగితం తిరిగి రాకపోవడం, పుస్తకంలో తప్పులు, చేయని వెతుకులాటకు డబ్బు తీసుకోవడం గురించి.

అయ్యా,

మా కుటుంబ చరిత్ర పుస్తకం కోసం ఈ ఏడాది జనవరిలో మీకు 38,500 రూపాయలు కట్టాను. పాత కాగితాలు స్కాన్ చేయడం, గొలుసుకట్టు రాతను చదివి మామూలు తెలుగులో రాసివ్వడం, ఆర్కైవ్స్‌లో వెతకడం, 40 కాపీలు అచ్చు వేయడం అన్నీ అందులోనే అని మీ రసీదు చెబుతోంది. ఆగస్టు చివర్లో పుస్తకాలూ, మేమిచ్చిన పాత కాగితాలూ ఒకే పార్సిల్లో వచ్చాయి. లెక్క చూసుకుంటే ఒక కాగితం తగ్గింది. ముందు దాని గురించి రాస్తాను. పుస్తకంలో తప్పుల సంగతి ఆ తర్వాత.

అది మా జేజినాయన (మా నాయన వాళ్ల నాయన) లెక్కల పుస్తకంలో చివరి కాగితం. పొడుగాటి పుస్తకం, ఎర్ర గుడ్డ అట్ట. లోపలంతా చెనిక్కాయల లెక్కలు, బెల్లం లెక్కలు, కూలీల పద్దులు. చివరి కాగితంలో మాత్రం ఇంట్లో పోయినవాళ్ల పేర్లు ఒకదాని కింద ఒకటి, పక్కన సంవత్సరం, నెల, తిథి. మా జేజి (నాయనమ్మ) ఉన్నన్నాళ్లూ పెద్దల అమావాస్యకు ఆ పుస్తకం బయటికి తీసేవాళ్లు. పసుపు చేతులతోనే తిప్పడం వల్ల కింది మూల పచ్చబడి, గుడ్డలా మెత్తబడిపోయింది. జేజి పోయాక పుస్తకం ట్రంకు పెట్టెలోకి చేరింది. పోయిన ఏడాది మా నాయన చనిపోయాక పెట్టె తెరిస్తే మళ్లీ చేతికొచ్చింది. అప్పటికే ఆ చివరి కాగితం కుట్టు ఊడి ఉంది. అందుకే విడిగా కవర్లో పెట్టి మీ మనిషి చేతికిచ్చాను. ఆయన నా ముందే రసీదులో "విడి కాగితం 1" అని రాసి సంతకం చేశారు.

దానికి బదులు మీరు కలర్ జిరాక్స్ పంపారు. ఫోన్ చేస్తే మీ ఆఫీసులో అమ్మాయి "స్కాన్ ఉంది కదా మేడమ్, ఒరిజినల్ ఎందుకు" అంది. ఎందుకో చెబుతాను.

ఆ స్కాన్‌లో కాగితం పట్టుకున్న మనిషి బొటనవేలు కూడా పడింది. గోరు, గోరు పక్కన చర్మం గీతలు కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆ వేలు సరిగ్గా మా ముత్తాత పేరు కింది వరుస మీద ఉంది. "పాప" అన్న మాట వరకు కనిపిస్తుంది. తర్వాతి పేరు వేలి కింద పోయింది. మళ్లీ వరుస చివర "చతుర్దశి" అన్న తిథి కనిపిస్తుంది.

ఆ పాప మా జేజినాయన చెల్లెలు. 1918లో దేశమంతా ఇన్‌ఫ్లుయెంజా జ్వరాలు వచ్చినప్పుడు ఆశ్వయుజ బహుళ దశమి నాడు మా ముత్తాత పోతే, నాలుగు రోజులకు ఆ పాప పోయింది. అప్పటికి మా జేజినాయనకు ఎనిమిదేళ్లు. పెద్దయ్యాక తన చేత్తో ఇద్దరి పేర్లూ రాసుకున్నాడు. ఆ పాప పుట్టినట్టు గానీ పోయినట్టు గానీ ఇంకెక్కడా మాకు ఒక్క ముక్క దొరకలేదు. భూమి లేదు, పట్టా లేదు, పెళ్లి లేదు, ఫొటో లేదు. ఆ పేరున్నది ఆ కాగితం మీద ఒక్కచోటే.

మా మేనత్తకు ఇప్పుడు 82 ఏళ్లు. పాప ఒకతె ఉండేదని తెలుసు గానీ పేరు గుర్తు లేదు, ఏదో అమ్మవారి పేరే అంటుంది. పెద్దలకు పెట్టుకునే రోజు ఆకు పక్కన మా జేజి చిన్న ఇత్తడి గ్లాసులో పాలు వేరుగా పెట్టేది. అవి ఎవరికని మేము ఎప్పుడూ అడగలేదు. కాగితం దొరికాకే అర్థమైంది. నాకు ఆ గొలుసుకట్టు రాత పూర్తిగా చదవడం రాక, చదివిస్తారని మీకిచ్చాను. ఇచ్చే ముందు ఫోన్‌లో ఒక ఫొటో తీసుకోకపోవడం నా పొరపాటే. ఆ పొరపాటుకు రోజూ బాధపడుతున్నాను.

మొన్న 21వ తేదీ మహాలయ అమావాస్య. మా తమ్ముడు కపిలతీర్థంలో తర్పణం వదిలి వచ్చాడు. ఇంట్లో మేనత్త చెప్పినట్టు గ్లాసులో పాలు పెట్టాం. పేరు చెప్పి పెట్టడానికి పేరు లేదు.

ఇక పుస్తకంలో తప్పు. మా ముత్తాత 1978లో పోయాడని వంశవృక్షంలో అచ్చు వేశారు. మేనత్త కళ్లద్దాలు పెట్టుకుని ఆ పేజీ చదివి, "ఏమ్మే, మా నాయన పొయిన ఏడేండ్లకు మా జేజినాయన పొయినాడంట, ఇదెట్లా?" అంది. ఆమె నాయన అంటే మా జేజినాయన, ఆమె జేజినాయన అంటే మా ముత్తాత. మా జేజినాయన పోయింది 1971లో. 1971లో పోయిన కొడుకు 1978లో పోయిన తండ్రి తిథిని ఎలా రాసిపెడతాడని మీ దగ్గర ఒక్కరికీ అనుమానం రాలేదా?

జరిగింది నాకు అర్థమైంది. కాగితంలో "కాళయుక్తి" అని ఉంది. మన తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. 1918 కాళయుక్తి, 1978 కూడా కాళయుక్తే. మీవాళ్లు పేరును కంప్యూటర్లో కొట్టి, దగ్గర్లో ఉన్నది తీసుకున్నారు. ముప్పై ఎనిమిదేళ్లకే పిల్లల్ని వదిలి పోయిన మనిషిని 98 ఏళ్లు బతికించారు. ఆయన లేకపోబట్టే మా జేజినాయన ఎనిమిదేళ్లకు బడి మానేసి వేరేవాళ్ల పశువులు మేపాడు. ఆ తేదీ తప్పయితే మా ఇంటి కథే తప్పు.

మూడోది, ఆ 38,500లో ఆర్కైవ్స్‌లో వెతికినందుకని విడిగా చూపిన 9,000 రూపాయలు. చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో చూస్తామని మెయిల్లో రాశారు. రిపోర్టులో ఉన్నది ఒకే వాక్యం: "చిత్తూరు జిల్లా, చంద్రగిరి తాలూకా, 1910 వరకు వివరాలు లభించలేదు." చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అంతకు ముందు చంద్రగిరి తాలూకా ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది, చిత్తూరు పట్టణమే ఆ జిల్లాకు ముఖ్యపట్టణం. అప్పటికి లేని జిల్లా పేరు మీద వెతికితే ఏం లభిస్తుంది? నేను బడి టీచర్ని, ఇది నా వృత్తి కాదు. ఇదే వృత్తిగా పెట్టుకుని డబ్బు తీసుకునేవాళ్లకు ఈ మాట ముందే తెలిసి ఉండాలి. ఉత్తర ఆర్కాటు పేరుతో పాత భూముల సెటిల్మెంట్ రిజిస్టర్లు అడిగారా? మా ఊరి డైగ్లాట్ (రెండు భాషల్లో రాసిన ఊరి భూముల రిజిస్టర్) చూశారా? ఏ రోజు, ఎవరు, ఏ రిజిస్టర్ తెప్పించుకుని చూశారో రాసి పంపండి. చూడకపోతే ఆ 9,000 వెనక్కి ఇవ్వండి.

మిగతా అచ్చు తప్పులు 17 ఉన్నాయి, పేజీ నంబర్లతో విడి కాగితం మీద రాసి జత చేశాను. మా నాయన సంవత్సరీకం కార్తీకంలో ఉంది. ఆ రోజు వచ్చే చుట్టాలందరికీ ఈ పుస్తకం ఇవ్వాలని అనుకున్నాం. ఈ తప్పులతో ఒక్క కాపీ కూడా ఇవ్వలేదు, నలభై కాపీలూ అట్టపెట్టెలోనే ఉన్నాయి. సరిదిద్ది మీ ఖర్చుతో మళ్లీ అచ్చు వేసి ఇవ్వాలి.

సెప్టెంబరు 3న, 9న, 16న ఫోన్ చేశాను. మూడుసార్లూ ముగ్గురు మాట్లాడారు, మూడుసార్లూ మొదటి నుంచి చెప్పుకున్నాను. అక్టోబరు 10లోగా రాతపూర్వకంగా జవాబు రాకపోతే 1915 నంబరు వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, తిరుపతిలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుంటున్న ఊళ్లోనే కేసు వేయవచ్చు, ఇంత మొత్తానికి ఫీజు కూడా లేదు. ఇది బెదిరింపు అనుకోవద్దు. కాగితం వస్తే చాలు, డబ్బు సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

మీ స్కానింగ్ గదిలో టేబుళ్ల కింద, వేరేవాళ్ల ఫైళ్ల మధ్య, చెత్తకు పెట్టిన కాగితాల్లో కూడా వెతికించండి. జానెడు వెడల్పు ఉంటుంది, కింద కుడి మూల పసుపు మరక, ఎడమ అంచున కుట్టు రంధ్రాలు. దొరికితే మడత పెట్టకండి, మడతలో విరిగిపోతుంది. కొరియర్లో వద్దు. దొరికిందని ఒక్క ఫోన్ చేయండి, మా తమ్ముడు అదే రోజు బయలుదేరి వచ్చి చేతికి తీసుకుంటాడు.

ఇట్లు,
మీ కస్టమర్,
తిరుపతి.

జత: రసీదు నకలు, స్కాన్ నకలు, అచ్చు తప్పుల జాబితా.